టేషన్ ముంగట కమాను సరే, జనరల్ డబ్బ కాడ కప్పేది?

ఈ రెండు మూడేండ్ల సంది మన దిక్కు ఏ రైల్వే టేషన్‌కు పోయినా ముంగట ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంటున్నది. ఎనక జేసీబీ, పక్కకు కంకర కుప్ప, గోడకు ఒక పెద్ద ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ మీద కంప్యూటర్ల గీసిన బొమ్మ: అద్దాల బిల్డింగు, ముంగట పచ్చగడ్డి, నాలుగు కార్లు, ఇస్త్రీ అంగీలేసుకున్న నలుగురు మనుషులు. గా బొమ్మల నెత్తిన మూట పెట్టుకున్న మనిషి ఒక్కడు గుడ ఉండడు. సంకల పిల్లనేసుకున్న తల్లి ఉండది. వాన గుడ పడది.

నేను పాలిటెక్నిక్ల సివిల్ సదివిన. ఇప్పుడు పట్నంల సైట్ల మీద పని చేస్తున్న. నెలకు రెండు మూడు సార్లు ఊరికి రైలుకే వస్త, అది గుడ జనరల్ డబ్బల. గందుకే ఈ కొత్త టేషన్లను నేను రెండు కండ్లతోని సూస్త. ఒక కన్ను పిల్లర్లను, దూలాలను సూస్తది. ఇంకో కన్ను నేను ఏడ నిలబడాలె అని సూస్తది. టీవీలల్ల, వాట్సాప్‌ల టేషన్ ముచ్చట వస్తె "మస్తుంది" అనేటోళ్లు ఒక దిక్కు, "పైసలు దండుగ" అనేటోళ్లు ఇంకో దిక్కు. ఈ రెండింటి నడుమ అసలు అడగాల్సిన ప్రశ్నలు ఎవ్వలు అడుగుతలేరు. కట్టడం ఎట్ల నిలబడ్డది, ఎవ్వలి కోసం నిలబడ్డది అన్నదే నా లొల్లి.

ముందుగాల లెక్కలు సూద్దాం. అమృత్ భారత్ స్టేషన్ పథకం 2022 డిసెంబర్ల పెట్టిండ్రు. 2023 ఆగస్టు 6న ఒక్కదినమే దేశమంతట 508 టేషన్లకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిండు. అందుల తెలంగాణయి 21, ఆంధ్రయి 18. మొత్తం ఖర్చు 24,470 కోట్లన్నరు. అంటె సగటున ఒక్క టేషన్‌కు 48 కోట్లు. 2025 మే 22న దేశమంతట 103 టేషన్లు చాలు చేసిండ్రు, మన దిక్కుకెల్లి బేగంపేట, వరంగల్, కరీంనగర్ అందుల ఉన్నయి. ఇవి గాక పట్నం అంచుకు చర్లపల్లి టెర్మినల్ ఉన్నది. దాదాపు 413 కోట్లతోని కట్టి 2025 జనవరి 6న చాలు చేసిండ్రు. సికింద్రాబాద్‌ల అయితె 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన చేసి, రైళ్లు నడుస్తుండంగనే పాత ముంగటి బిల్డింగు కూలగొట్టి కొత్తది కడుతున్నరు. ఇంత పని మన తాతల కాలంల గుడ ఒక్కసారి కాలేదు. గందుకే మాట్లాడాల్సింది ఇప్పుడే. సిమెంటు గట్టివడ్డంక మాట్లాడితె గోడతోని మాట్లాడినట్టే.

మనం సెల్ఫీ దిగే ముంగటి భాగం ఉన్నది సూడు, కమాన్లు, అద్దాలు, రంగురంగుల షీట్లు, అది కట్టడం కాదు. అది ఒంటికి తొడిగిన అంగి. బొక్కలు లోపలున్నయి. మీది బరువు రేకు మీదికెల్లి ఇనుప పట్టీలకు, పట్టీలకెల్లి దూలానికి, దూలం నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి పునాదికి, పునాది నుంచి భూమికి దిగాలె. ఈ దారిల ఏడన్న ఒక్క కాడ తెగితె మిగిలినయన్ని ఎంత గట్టిగున్నా ఫాయిద లేదు. ఎడ్లబండికి చక్రాలు మంచిగుండి సీల ఊడితె ఎట్లయితదో గట్లనే. ఇంజినీరు పనంతా ఈ దారి సూసుడే. ఫ్లెక్సీ మీది బొమ్మల ఈ దారి కనవడది.

ఇగ ప్లాట్‌ఫాం కప్పు ముచ్చట. ఊర్లల్ల మనకు ఇల్లు కూలుతదని బుగులు ఉంటది. టేషన్ రేకుల కప్పుకు అసలు బుగులు అది కాదు, లేచిపోతదని. ఎండకాలం ఆఖరుకు గాలి దుమారం వస్తె బాయికాడి కొట్టం రేకులు ఏడికో పోయి పడ్డయి సూసినమా లేదా? గదే లెక్క. మన దేశపు గాలి కోడ్‌ల హైదరాబాద్‌కు లెక్కకట్టే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. అంటె గంటకు 158 కిలోమీటర్లు. విజయవాడ, విశాఖకు 50 మీటర్లు. రోజు వచ్చే గాలి కాదది, యాభై ఏండ్లల ఒక్కసారి రావచ్చనే గాలి. లెక్క చిన్నదే: వేగాన్ని వేగంతోనే గుణించి మళ్ల 0.6తోని గుణిస్తె ఒత్తిడి వస్తది. 44 మీటర్ల గాలికి చదరపు మీటరు మీద దాదాపు 118 కిలోలు. ఎత్తు, కప్పు ఆకారం బట్టి ఇది పెరుగుతది, తగ్గుతది. గని రేకు, దాని కింది పట్టీలు కలిపినా చదరపు మీటరుకు 20, 25 కిలోలకు మించది. అంటె కప్పును కిందికి గుంజే బరువు కంటె మీదికి లేపే గాలి ఎన్నో రెట్లు. గందుకే ప్లాట్‌ఫాం పిల్లరు కింది పునాది కప్పును మోసుడుకే కాదు, కప్పు ఎగరకుండ పట్టుకునుడుకు గుడ. సన్నగ కనవడే పిల్లరు కింద గంత పెద్ద కాంక్రీట్ దిమ్మ ఎందుకు పోసిండ్రని నవ్వకుండ్రి. అది లంగరు.

పక్కగోడలు లేని కప్పుకు ఇది ఇంకింత కష్టం. గాలి కిందికెల్లి దూరి లేపుతది, మీదికెల్లి గుంజుతది. అందుల రైలు దబ్బున పోయినప్పుడు వచ్చే గాలి ఒకటి. రేకుకు పట్టీకి నడుమ ఉన్న స్క్రూలు వదులైతె ముందుగాల సప్పుడు వస్తది, అటెనుక నీళ్లు కారుతయి, ఆఖరికి రేకు పోతది. రేకు పోయినంక కొత్త రేకు ఏస్తరు. స్క్రూలు బిగించేటోనికి మాత్రం యాడాదికి ఒక్కసారి నిచ్చెన దొరకది. మన కట్టుడుల ఉన్న పెద్ద రోగం ఇదే. కట్టెటప్పుడు వందల మంది వస్తరు, సూసుకునేటప్పుడు ఒక్కడు రాడు.

సరే, కప్పు గట్టిగనే కట్టిండ్రనుకుందాం. ఎంత పొడుగు కట్టిండ్రు? నా అసలు కడుపుమంట ఈడ ఉన్నది. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ డబ్బ ఒక్కోటి దాదాపు 24 మీటర్లు. 22 డబ్బల రైలు అంటె 528 మీటర్లు, ఇంజను కలిపితె 550 దాక. ప్లాట్‌ఫాం అంత పొడుగు ఉంటది గని కప్పు ఉండది. మన జిల్లా టేషన్లల్ల కప్పు నడుమ నడుమ తునకలు తునకలుగ ఉంటది. వంద మీటర్ల కప్పు ఏస్తె నాలుగు డబ్బలకే నీడ. ఆ నాలుగు డబ్బలు ఏవి? టేషన్ బిల్డింగు ముంగట ఆగేటియి. అంటె ఏసీలు, స్లీపర్లు. జనరల్ డబ్బలు ఏడుంటయి? ఇంజను ఎనక ఒకటి రెండు, రైలు తోకకు ఒకటి రెండు. రెండు కొసలకే.

ఇప్పుడు మీరే సోంచాయించుండ్రి. ఏసీ డబ్బల పొయ్యేటోనికి సీటు రిజర్వు అయి ఉన్నది. వాడు రైలు వచ్చినంక అయిదు నిమిషాలకు వచ్చినా వాని సీటు వానికే. జనరల్ డబ్బల పొయ్యేటోడు గంట ముందుగాల వచ్చి, ప్లాట్‌ఫాం కొసకు పోయి, ఎండల నిలబడి, రైలు ఆగకముందే ఉరుకాలె. ఎక్కువసేపు నిలబడేటోని మీద కప్పు లేదు. తక్కువసేపు నిలబడేటోని మీద ఉన్నది. ఇది ఎవ్వలో కుట్ర చేసి పెట్టింది అనను. కప్పు పైసలు ఇన్నే ఉన్నయి, బిల్డింగు ముంగటికెల్లి మొదలు పెట్టుకుంట పోయిండ్రు, పైసలు అయిపోయిన కాడ ఆగిండ్రు. గని ఇంజినీరింగుల దీనికి ఒక మాట ఉన్నది: బరువు ఏడ ఎక్కువ పడుతదో ముందుగాల ఆడ చూడాలె. జనం బరువు కొసలకే పడుతున్నది. అసుంటప్పుడు కప్పు గుడ కొసలకెల్లే మొదలు కావాలె. ముంగటి కమానుకు పెట్టే పైసలల్ల కొన్ని తీసినా రెండు దిక్కుల ఒక్కో యాభై మీటర్ల కప్పు ఎక్కువ వస్తదని నా అంచనా. ఖర్చు పట్టీ ముంగటేసి ఎవ్వలన్న ఇది తప్పని సూపిస్తె ఇంట.

నీడ ఒక్కటే కాదు. ప్లాట్‌ఫాం ఎత్తు సూడుండ్రి. పెద్ద టేషన్లల్ల పట్టాల మీదికెల్లి 76 నుంచి 84 సెంటీమీటర్ల ఎత్తు ఉంటది. డబ్బ లోపలి నేల దాదాపు 125 సెంటీమీటర్ల పైన ఉంటది. అంటె మంచి ప్లాట్‌ఫాం మీదికెల్లి గుడ ఒక పెద్ద మెట్టెక్కాల్నే. చిన్న టేషన్లల్ల ప్లాట్‌ఫాం సగం ఎత్తే ఉంటది, కొన్ని కాడ పట్టాల సమానంగనే నేల ఉంటది. ఆడ ముసలవ్వను ఎక్కియ్యాలంటె ఒకడు కిందికెల్లి ఎత్తాలె, ఒకడు మీదికెల్లి గుంజాలె. రైలు ఆగేది ఒక్క నిమిషం. మా మండలం దిక్కు ఆడోళ్లు ఈ ఒక్క సంగతికే రైలు ఇడిసిపెట్టి ఆటోలల్ల కుక్కుకొని పోతున్నరు. ప్లాట్‌ఫాం ఎత్తుచేసుడంటె గోడ లేపి మొరం నింపి బండలు పరుసుడు. అద్దాల పని కాదు, ఫొటో రాదు. గందుకే అది ఎప్పుడు లిస్టుల అడుగుకే ఉంటది.

ఇగ మెట్లు, వంతెనలు. పట్టాల మీద 25 వేల వోల్టుల తీగ ఉన్నది. దానికెల్లి మనిషికి, ఇనుముకు దూరం ఉండాలె కాబట్టి పట్టాలు దాటే వంతెన అడుగు, పట్టాల మీదికెల్లి 6 మీటర్లకు పైననే ఉండాలె. దాని మీద వంతెన మందం ఒకటి. ప్లాట్‌ఫాం ఎత్తు తీసేసినా మనం దాదాపు 6 మీటర్లు ఎక్కాలె. మెట్టుకు 15 సెంటీమీటర్లు అనుకుంటె 40 మెట్లు. ఎక్కుడు 40, దిగుడు 40. మెట్లు లేకుండ ర్యాంపు పెడుతమంటె, చక్రాల కుర్చీ పోవాలంటె 12 మీటర్ల పొడుగుకు ఒక్క మీటరు మించి ఎత్తు లేవద్దు. 6 మీటర్లకు 72 మీటర్ల ర్యాంపు, నడుమ నడుమ ఆగే జాగలు అదనం. గంత జాగ చాన టేషన్లల్ల ఉండది. గందుకే లిఫ్టు పెడుతున్నరు. లిఫ్టు మంచిదే. ఖరాబైతె మళ్ల 40 మెట్లే. ఒక్క లిఫ్టు మీద నడిచే టేషన్ అంటె ఒక్క బోరు మీద ఎవుసం చేసినట్టు.

కొత్త టేషన్లల్ల 12 మీటర్ల వెడల్పు వంతెనలు కడుతున్నమని చెప్తున్నరు. ఇది నిజంగ మంచి మార్పు, ఒప్పుకోవాలె. పాత వంతెనలు రెండు మూడు మీటర్లే ఉంటుండె. 2017 సెప్టెంబర్ 29న ముంబైల ఎల్ఫిన్‌స్టన్ రోడ్ టేషన్ల వాన పడ్తుంటె సన్న వంతెన మీద జనం ఇరికి 23 మంది సచ్చిపోయిండ్రు. అటెనుకనే వంతెనల వెడల్పు మీద రైల్వేకు సోయి వచ్చింది. గని వంతెన వెడల్పు ఒక్కటే సూస్తె సరిపోదు. రెండు పట్టాల నడుమ ఉన్న ప్లాట్‌ఫాం మొత్తం వెడల్పే పది పన్నెండు మీటర్లు ఉంటది. రెండు అంచులకు మనుషులు నడిచే జాగ ఇడిసిపెడితె మెట్లకు దొరికేది నడుమల మూడు నాలుగు మీటర్లు. మీద 12 మీటర్ల వంతెన, కిందికి మూడు మీటర్ల మెట్లు. చెరువు ఎంత పెద్దగున్నా నీళ్లు పారేది తూము మందమే. జనం చిక్కేది వంతెన మీద కాదు, మెట్ల కాడ.

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ టేషన్ల జరిగింది ఇదే. కుంభమేళాకు పొయ్యే జనం, 14, 15 నంబర్ ప్లాట్‌ఫాంల మెట్లు. 18 మంది పాణాలు పోయినయి. ఒక ప్రయాణికుని నెత్తి మీది పెద్ద మూట కింద పడ్డదని, దాంతోని మెట్ల మీద తొక్కిసలాట అయిందని రైల్వే మంత్రి రాజ్యసభకు చెప్పిండు. నాకు ఆ మూట మాట మీద ఇప్పటికి గుడ మనసు నిమ్మళం కాదు. మన దేశంల రైలెక్కే మనిషి నెత్తిన మూట ఉండుడు వింత కాదు, రివాజు. మూట పడుతదనే మెట్లు కట్టాలె. ఇంజినీరు వంతెనకు చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల జనం బరువు లెక్క కడుతడు. అంటె చదరపు మీటర్ల ఏడుగురు మనుషులు ఇరికి నిలబడ్డట్టు. ఇనుము ఆ బరువును మోస్తది, విరగది. గని ఏడుగురు ఇరికిన కాడ మనిషి ఊపిరి ఆడది. కట్టడం నిలబడి, మనిషి సచ్చిపోవచ్చు. లెక్కల కాయితం మీద "సేఫ్" అని రాసి ఉంటది.

ఇనుము గుడ ఎప్పుడు మోస్తదని కాదు. కాజీపేట నుంచి నాగ్‌పూర్ పొయ్యే లైన్ల బల్లార్షా అందరికి ఎరుకే. 2022 నవంబర్ 27న ఆడ నడిచే వంతెన మీది స్లాబు పలకలు ఊడిపడ్డయి. నడుస్తున్న మనుషులు పట్టాల మీద పడ్డరు. ఒకామె సచ్చిపోయింది, పది మందికి పైన దెబ్బలు తాకినయి. వంతెన మొత్తం కూలలేదు, మనిషి కాలు పెట్టే పలకనే పోయింది. బరువు దారిల ఒక్క లంకె తెగుడంటె గదే.

సికింద్రాబాద్ కొత్త డిజైన్ల నాకు నచ్చినది ఒకటున్నది. రెండు దిక్కుల బిల్డింగులను కలుపుకుంట పట్టాల మీద పెద్ద హాలు లెక్క కడుతున్నరు. ఎయిర్ కాంకోర్స్ అంటున్నరు. జనం ప్లాట్‌ఫాం మీద గుంపులు గట్టకుండ మీద కూసుంటరు, రైలు వచ్చే యాళ్లకు కిందికి దిగుతరు. ఎయిర్‌పోర్ట్ లెక్క. ఆలోచన మంచిది. ప్లాట్‌ఫాం ఖాళీగ ఉంటది, తొక్కిసలాట తగ్గుతది. గని రెండు షరతులున్నయి. ఒకటి, ఇందాక చెప్పిన తూము సంగతి. వెయ్యి మంది ఒక్కసారి దిగితె మెట్లు సాలాలె. రెండోది, మీది హాలుల జనరల్ టికెట్ మనిషి కూసుంటె ఎవ్వలు లేపొద్దు. అందరికి కట్టిన హాలుల సగం దుకాణాలకు, పావు లాంజ్‌కు పోతె మిగిలిన పావుల ఊరంత కూసోవాలె. అప్పుడు మళ్ల జనం ప్లాట్‌ఫాం మీదికే దిగుతరు. డిజైన్ కాయితం మీదనే ఉంటది.

ఇసుంటి పని చేసుడు ఎంత కష్టమో గుడ చెప్పాలె, లేకుంటె అన్యాయం. రైళ్లు ఆపకుండ, 25 వేల వోల్టుల తీగ కింద, పక్క ప్లాట్‌ఫాం మీద జనం నడుస్తుండంగ పిల్లర్లు లేపాలె. రాత్రి పూట ఒకటి రెండు గంటలు బ్లాక్ దొరుకుతది. గా గంటల్నే కరెంటు బంద్ చేసి, క్రేనుతోని దూలం లేపి, బోల్టులు బిగించి, తెల్లారకముందే పట్టాలు ఖాళీ చెయ్యాలె. గందుకే ప్లాట్‌ఫాం కప్పులు, వంతెనలు ఎక్కువ ఇనుముతోనే కడుతరు. కాంక్రీట్ అయితె సెంట్రింగు కట్టాలె, ఎండేదాక ఆగాలె. ఇనుము ఫ్యాక్టరీల తయారైతది, ఈడ బిగించుడే. ఈ రాత్రి పని చేసేది ఎవ్వలు? ఒడిశా, బీహార్, జార్ఖండ్ పోరలు, మన పాలమూరు మేస్త్రులు. 2025 జనవరి 11న ఉత్తరప్రదేశ్ కన్నౌజ్ టేషన్ల కడుతున్న బిల్డింగు సెంట్రింగు కూలి ఇరవై మందికి పైన కూలీలు కింద చిక్కుకున్నరు. బయటికి తీసి దవాఖానకు పంపిండ్రు. స్లాబు పచ్చిగ ఉన్నప్పుడు బరువు మొత్తం కింది కట్టెలు, పైపులే మోస్తయి. ఆ పైపులకు డిజైన్ ఉండాలె. చాన సైట్లల్ల ఆ డిజైన్ మేస్త్రి కండ్లల్లనే ఉంటది. పని జల్ది చెయ్యమని మీదికెల్లి ఫోన్ వచ్చినప్పుడు ముందుగాల తగ్గేది ఈ పైపులే. నేను సూసిన, పేర్లు రాయ.

వరంగల్ టేషన్‌కు కాకతీయుల రూపు ఇచ్చిండ్రు. సూడ సక్కగున్నది. బేగంపేట, వరంగల్, కరీంనగర్ ఒక్కోదానికి 25 నుంచి 27 కోట్ల నడుమ ఖర్చయిందన్నరు. నాకొకటి అనిపించింది. కాకతీయులది కమాను ఒక్కటే కాదు తమ్మీ, పునాది గుడ ఉన్నది. రామప్ప గుడి కింద గుంత తవ్వి ఇసుక నింపి, గా ఇసుక పెట్టె మీద గుడి లేపిండ్రు. శిఖరానికి నీళ్ల మీద తేలే తేలిక ఇటుకలు వాడిండ్రు, మీది బరువు తగ్గాలని. ఎనిమిది వందల ఏండ్లు నిలబడ్డది. యునెస్కో 2021ల వారసత్వ కట్టడం అన్నది ఒక్క శిల్పం సూసే కాదు, ఈ ఉపాయం గుడ సూసి. మన నల్లరేగడి సంగతి మనకెరుక. ఎండకాలం కాలు ఇరికేటంత నెర్రెలు, వానకాలం ఉబ్బి గోడలు లేపుతది. ఆ నేల మీద గుడి కట్టేటోడు ముందుగాల నేలను సదివిండు. మనం ఆయన తోరణం బొమ్మను షీటు మీద కోసి అంటిపెడుతున్నం. చర్లపల్లి కాడ బండరాయి దొరుకుతది, పునాదికి బుగులు తక్కువ. నల్లరేగడి ఉన్న కాడ ఆ పునాదే పెడితె ఎట్ల? జిల్లాకో నేల ఉన్నప్పుడు అన్ని కాడ ఒక్కటే నమూనా నడువది. టేషన్ కొత్తగ కట్టినంక ప్లాట్‌ఫాం బండలు ఎగుడుదిగుడు అయితున్నయంటె మీది పని తప్పు కాదు, కింది నేలను పట్టించుకోలేదని అర్థం.

నాకు పాత టేషన్ల మీద మస్తు ప్రేమేం లేదు. కాచిగూడ 1916ల నిజాం కాలంల కట్టింది, ఆ గుమ్మటాలు సూస్తె ముచ్చటైతది, నిజమే. గని మన చిన్న ఊర్ల పాత టేషన్లల్ల ఉన్న గుణం వేరే. మందం గోడ, పెంకుల కప్పు, ముంగట లోతు వరండ, ఎదురుంగ యాపచెట్టు. కరెంటు లేకున్నా సల్లగుంటుండె. ఇప్పుడు పడమటి ఎండకు ఎదురుంగ అద్దాలు పెట్టి, లోపల ఏసీ లాంజ్‌కు మాత్రం ఏసీ పెడితె, బయటి హాలుల కూసునేటోడు ఉడికి పోతడు. పని చేసుడుకు అడ్డమని చెట్లు కొట్టేసిండ్రు. కొత్త చెట్లు కుండీలల్ల ఉన్నయి, మోకాలెత్తు.

చర్లపల్లి మీద ఒక్క మాట చెప్పి ముంగటికి పోత. బిల్డింగు మంచిగనే ఉన్నది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ మీద ఒత్తిడి తగ్గాలని కట్టిండ్రు, తగ్గాల్సిందే. గని వరంగల్ దిక్కుకెల్లి వచ్చి రాత్రి పదింటికి ఆడ దిగిన పిల్ల దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు ఎట్ల పోవాలె? మెట్రో లేదు. ఆటోకు రైలు టికెట్ కంటె ఎక్కువ. టేషన్ డిజైన్ అంటె గేటు దాక గీసి పెన్సిల్ కింద పెట్టుడు కాదు.

ఇప్పుడు ఈ ముచ్చట మొత్తాన్ని దూరదేశం నుంచి ఒక సంగతితోని జోడిస్త. సెర్బియాల నోవి సాద్ అని ఒక పట్నం ఉన్నది. ఆడి రైల్వే టేషన్ 1964ల కట్టింది. మూడేండ్లు మరమ్మతు చేసి 2024 జులైల మళ్ల చాలు చేసిండ్రు. నవంబర్ 1న పట్టపగలు ముంగటి కాంక్రీట్ సజ్జ కూలింది. కింద బెంచీల మీద కూసున్నోళ్లు, నడుస్తున్నోళ్లు 14 మంది ఆ దినమే సచ్చిపోయిండ్రు, ఆఖరుకు లెక్క 16కు పోయింది. ఆ సజ్జ కింద పిల్లర్లు లేవు. మీదికెల్లి ఇనుప కడ్డీలు పట్టుకొని ఉంటుండె. మేం దాన్ని ముట్టనే లేదు, మరమ్మతుల అది లేదని రైల్వే సంస్థ అన్నది. జనం నమ్మలేదు. కాలేజీ పోరలు, పొల్లలు రోడ్ల మీదికొచ్చిండ్రు. వాళ్ల మొదటి డిమాండ్ ఏందో తెలుసా? మంత్రి రాజీనామా కాదు. టేషన్ మరమ్మతు కాయితాలన్ని బయటపెట్టుండ్రి అన్నది. డిజైన్లు, బిల్లులు, కాంట్రాక్టులు. 2025 జనవరి ఆఖరుకు ఆ దేశ ప్రధానే రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది.

ఇది మనకెందుకంటె, మన దగ్గర గుడ కొన్ని కాడ పాత బిల్డింగును ఉంచి దాని మీదనే కొత్త అంగి తొడుగుతున్నరు. పాత సజ్జకు కొత్త షీట్లు, వాటిని పట్టుకునే ఇనుప చట్రం, మీద రెండు మనుషుల ఎత్తు అక్షరాలు, లైట్లు. ఈ బరువు పాత స్లాబు మోస్తదా అని ఎవ్వలన్న లెక్క కట్టిండ్రా? కట్టి ఉండొచ్చు. పెద్ద కట్టడాల డిజైన్లను ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి బయటి సంస్థతోని మళ్ల సరిసూపిచ్చే రివాజు ఉన్నది, ప్రూఫ్ చెకింగ్ అంటరు. సజ్జకు షీట్లు అంటిపెట్టే చిన్న పనికి గూడ గది చేసిండ్రా లేదా అన్నదే ప్రశ్న. ఫ్లెక్సీ మీద కోట్ల లెక్క రాస్తరు, గా లెక్క రాయరు.

మనకు రోడ్డెక్కాల్సిన పని గుడ లేదు. 2005 సంది సమాచార హక్కు చట్టం ఉన్నది. పది రూపాయల ఫీజు, 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. పేదరికం కార్డున్నోళ్లకు ఆ పది గుడ లేదు. రైల్వే కేంద్రం కింద ఉన్నా తెలుగుల రాయొచ్చు, అర్జీ ఆ ప్రాంతపు అధికార భాషల పెట్టొచ్చని చట్టంలనే ఉన్నది. మన టేషన్ ఏ డివిజన్ కింద వస్తే ఆ డివిజన్ ఆఫీసు సమాచార అధికారికి పెట్టాలె. "మా టేషన్ ఎందుకు మంచిగ లేదు" అని రాస్తె జవాబు రాదు, రావాల్సిన అవసరం గుడ లేదు. కాయితం అడగాలె, అంకె అడగాలె.

నేను మా దగ్గరి టేషన్ మీద పెట్టిన అర్జీల రాసింది ఇది. ప్లాట్‌ఫాం మొత్తం పొడుగెంత, అందుల కప్పు కింద వచ్చేది ఎంత. మొదటి డబ్బ, ఆఖరు డబ్బ ఆగే జాగల కప్పు ప్లాన్‌ల ఉన్నదా, లేకుంటె ఎప్పుడు ఏస్తరు. కప్పు డిజైన్ల ఎంత గాలి వేగం పెట్టిండ్రు. వంతెన మెట్ల వెడల్పు ఎంత, ఎంతమంది దిగుతరని లెక్క కట్టిండ్రు. పాత ముంగటి సజ్జ మీద కొత్తగ ఎంత బరువు పెడుతున్నరు, దాని బలం సరిసూసిన రిపోర్టు కాపీ. మట్టి పరీక్ష రిపోర్టు కాపీ. కట్టినంక స్క్రూలు, బోల్టులు, వాన గొట్టాలు ఏడాదికి ఎన్నిసార్లు సూస్తరు, దానికి పైసలు ఏ పద్దుల ఉన్నయి. ఏడు ప్రశ్నలు, ఒక్కటే పేజీ. మీ టేషన్ పేరు పెట్టి ఇవే రాసుకోవచ్చు. పోస్టు రసీదు మాత్రం జాగ్రత్తగ పెట్టుకోండ్రి, 30 దినాలు దాటితె మీది అధికారికి అప్పీలు పెట్టెటప్పుడు అది పనికొస్తది. నాకు జవాబు వచ్చినంక అంకెలు ఈడనే రాస్త.